గుంతలో పడిందీ ఆయనే, కేసూ ఆయన మీదే... ఇప్పుడేం చేయాలి?

తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రం నుంచి ఓ సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమె భర్తకు 41 ఏళ్లు, ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. ఐదు వారాల కిందట రాత్రి తొమ్మిదిన్నరకు పని ముగించుకుని, వెనకాల బావమరిదిని (ఆమె తమ్ముడు, 19 ఏళ్లు) ఎక్కించుకుని బండి మీద ఇంటికి వస్తున్నారు. వాన అప్పుడే వెలిసింది. మంచినీళ్ల పైపులైను కోసం రోడ్డుకు అడ్డంగా తవ్వి, పైపైన మట్టి కప్పి వదిలేసిన చోట నేల కుంగి గొయ్యి పడింది. నీళ్లు నిండి ఉండటంతో అది గొయ్యి అని తెలియలేదు. వీధి దీపం వెలగక మూడు నెలలు. అడ్డుగా ఒక డ్రమ్మూ లేదు, రేడియం స్టిక్కరూ లేదు. ముందు చక్రం దిగబడి ఇద్దరూ పడిపోయారు. ఆయనకు కుడి మోకాలి కింద ఎముక విరిగితే రాడ్ వేశారు. ఆస్పత్రి బిల్లు 2,85,000. తమ్ముడికి మణికట్టు విరిగింది.

ఆ రాత్రి ఒంటిగంటకు ఆస్పత్రిలో కానిస్టేబుల్ రాసిన కాగితం మీద ఆమె మరిది సంతకం పెట్టారు. అందులో ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి, అదుపు తప్పి పడిపోయాడు’ అని ఉంది. దాంతో కేసు భర్త మీదే నమోదైంది. రెండో రోజుకల్లా గొయ్యిలో శిథిలాల మట్టి పోసి పూడ్చేశారు. కార్పొరేషన్‌ను అడిగితే నీళ్ల శాఖ పని అంటున్నారు. నీళ్ల శాఖను అడిగితే కాంట్రాక్టర్ పని అంటున్నారు. కాంట్రాక్టరేమో రోడ్డు వేయాల్సింది కార్పొరేషనే అంటున్నాడు. ఇప్పుడు స్థానిక నాయకుడు ఒకాయన మధ్యలోకి వచ్చి, కాంట్రాక్టర్ 50 వేలు ఇస్తాడు, తెల్లకాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారు. అత్తగారు మన రాత అంటున్నారు. భర్త సిగ్గుతో బయటికి రావడం లేదు. ‘బాధ్యత ఎవరిది? ఆ డబ్బు తీసుకోవాలా? బండి ఇన్సూరెన్సు పనికొస్తుందా? సర్కారు మీద కేసు వేస్తే ఇరవై ఏళ్లు పడుతుందట, నిజమేనా?’ ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ నాలుగు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. కానీ మూడో పేజీ చివర ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయం వాటన్నిటికంటే ముఖ్యం. ‘కోర్టు నుంచి పిలుపు వచ్చినప్పుడు వెళ్లి, తప్పు ఒప్పుకొని ఫైన్ కడితే ఒక్క రోజులో అయిపోతుందని స్టేషన్‌లో చెప్పారు’ అని రాశారు. ఆ పని మాత్రం చేయనివ్వకండి.

ఎందుకో చెబుతాను. ఇలాంటి కేసులో సాధారణంగా భారతీయ న్యాయ సంహిత 281, 125 సెక్షన్లు పెడతారు. మొదటిది నిర్లక్ష్యపు డ్రైవింగ్, రెండోది దానివల్ల మరొకరికి, అంటే మీ తమ్ముడికి, గాయం కావడం. మీవారు మేజిస్ట్రేట్ ముందు ‘తప్పు నాదే’ అన్న క్షణం అది రికార్డులో ఆయన ఒప్పుకోలు అవుతుంది. రేపు నష్టపరిహారం కోసం దావా వేసినప్పుడు కార్పొరేషన్ లాయరు ఆ ఒక్క కాగితం తీసి, గొయ్యి వల్ల కాదు, అతివేగం వల్లేనని ఆయనే ఒప్పుకున్నాడు కదా అంటారు. వెయ్యో రెండు వేలో ఫైనుతో పోతుందనుకున్నది లక్షల హక్కును పట్టుకుపోతుంది. సమన్లు వస్తే వాయిదాకు తప్పకుండా వెళ్లాలి, వకీలుతో వెళ్లాలి. తప్పు ఒప్పుకోవడం లేదని చెప్పాలి.

ఎఫ్‌ఐఆర్‌లో రాసేశారు, ఇక మారదు అన్న మాట నమ్మకండి. ఎఫ్‌ఐఆర్ దర్యాప్తుకు మొదటి మెట్టు మాత్రమే. చివర లెక్కకు వచ్చేది ఛార్జిషీటు. మీకు కలిసొచ్చే సంగతి ఏమిటంటే, ఈ కేసులో గాయపడిన బాధితుడు మీ తమ్ముడే, ప్రత్యక్ష సాక్షీ ఆయనే. ఆయన తన వాంగ్మూలాన్ని స్వయంగా రాసి ఎస్‌ఐకి ఇవ్వాలి. బండి ఎంత వేగంతో పోతోంది, నీళ్లు ఎలా నిండి ఉన్నాయి, చక్రం ఎక్కడ దిగబడింది, హెచ్చరిక బోర్డు ఉందా, దీపం వెలుగుతోందా అన్నవి అందులో రావాలి. తవ్విన కాంట్రాక్టర్ మీద, పనిని చూడాల్సిన ఇంజినీర్ల మీద అదే 125 కింద దర్యాప్తు చేయాలని కోరాలి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే అదే కాగితాన్ని ఎస్పీకి లేదా పోలీస్ కమిషనర్‌కు స్పీడ్ పోస్టులో పంపండి. నాగరిక్ సురక్షా సంహిత (పోలీసు దర్యాప్తు, కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టం) 173(4) ఆ దారి ఇచ్చింది. అక్కడా కదలిక లేకపోతే 175(3) కింద మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. విధి నిర్వహణలో జరిగినదానికి ప్రభుత్వ ఇంజినీర్ల మీద కేసు నడవాలంటే ప్రభుత్వ అనుమతి ప్రశ్న వస్తుంది. కాంట్రాక్టర్‌కు ఆ రక్షణ లేదు. ఆయన 50 వేలతో ముందుకు రావడంలో ఈ సంగతి తెలిసి ఉండటం ఒక కారణం కావచ్చు.

ఇక బాధ్యత ఎవరిది? ముగ్గురూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు కాబట్టి ఎవరిదీ కాదని మీకు అనిపిస్తోంది. చట్టం దృష్టిలో ముగ్గురిదీ కావచ్చు. రోడ్డు ఎవరి అధీనంలో ఉంది, ఎవరు తవ్వారు, ప్రమాదం ఉందని ఎవరికి ముందే తెలుసు అన్న మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబు వెతకండి.

నగర వీధి రోడ్డు సాధారణంగా కార్పొరేషన్ అధీనంలోది. వేరే శాఖ తవ్వుకోవాలన్నా రోడ్ కటింగ్ అనుమతి ఇచ్చేది కార్పొరేషనే. ఆ అనుమతితో పాటు రోడ్డును మళ్లీ పూర్వస్థితికి తెచ్చే ఖర్చు ఎవరు కట్టాలి, ఎవరు చేయాలి అన్నది కూడా రాతపూర్వకంగా ఉంటుంది. మీ ముగ్గురు ‘కాదు’ల మధ్య వివాదాన్ని తేల్చే కాగితం అదే. ప్రజలు తిరిగే చోటును ప్రమాదం లేకుండా ఉంచాల్సిన బాధ్యత నగరపాలక సంస్థదేనని సుప్రీంకోర్టు 1966లోనే, ఢిల్లీ చాందినీచౌక్‌లో గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో చెప్పింది. రెండో వైపు కూడా తెలుసుకోండి. 1997లో రాజ్‌కోట్‌లో రోడ్డు పక్క చెట్టు విరిగిపడి మనిషి చనిపోతే, కార్పొరేషన్ బాధ్యత లేదని అదే కోర్టు అంది. చెట్టు పడుతుందని ముందే ఊహించలేకపోవడం అక్కడ నిర్ణాయకం అయింది. మీ గొయ్యి అలా ఆకాశం నుంచి ఊడిపడలేదు. మనుషులు తవ్విందే, వదిలేసిందే. అందుకే ‘ముందే తెలుసు’ అన్న మాటకు మీ కేసులో అంత బరువు.

తవ్విన కాలువను పూడ్చడానికి ఒక పద్ధతి ఉంది. మట్టిని 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి, యంత్రంతో దిమ్మిస కొట్టాలి. ఆపైన కంకర పొరలు, వాటిమీద డాంబరు. తవ్విన మట్టినే ఒక్కసారి లోపలికి తోసి, పైన జేసీబీ బకెట్‌తో రెండు దెబ్బలు వేసి వెళ్లిపోతే, మట్టిలో గాలి ఖాళీలు మిగిలిపోతాయి. మొదటి పెద్ద వానకు నీళ్లు దిగి ఆ ఖాళీలు కూలతాయి. లారీ చక్రాలు దాన్ని ఇంకా కిందికి నొక్కుతాయి. అంచుల్లో పాత డాంబరు పెళ్లలు ఊడి గొయ్యి వెడల్పవుతుంది. మీరు రాసిన వివరాలు చూస్తే జరిగింది ఇదే. ఇక పని జరుగుతున్న రోడ్డు మీద బారికేడ్లు, రాత్రి మెరిసే గుర్తులు, ముందస్తు హెచ్చరిక బోర్డులు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు (ఎస్‌పీ 55) చెబుతాయి. నోటీసులో ఆ పేరు రాయించండి.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఎ సెక్షన్ గురించి కూడా మీ వకీలు చెప్పవచ్చు. రోడ్డు నిర్మాణం, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించక మరణం గానీ వైకల్యం గానీ కలిగితే, సంబంధిత అధికార సంస్థ, కాంట్రాక్టర్, కన్సల్టెంట్, ఎవరు బాధ్యులైతే వారికి లక్ష రూపాయల వరకు జరిమానా. ఆ సొమ్ము ప్రమాదాల నిధికి పోతుంది, మీ చేతికి రాదు. అయినా ఉపయోగం ఉంది. ప్రమాదకర స్థితి గురించి వాళ్లకు తెలుసా, హెచ్చరిక పెట్టారా అన్నవి కోర్టు చూడాలని ఆ సెక్షనే చెబుతోంది. అవే ప్రశ్నలు మీ దావాలోనూ వస్తాయి. కాలు పూర్తిగా వంగకపోయినా, పొట్టిదైనా, రాడ్ తీశాక ప్రభుత్వ వైద్యుల నుంచి వైకల్య ధ్రువపత్రం తీసుకోవాలి. అది లేకుండా వైకల్యం అనే మాట నిలబడటం కష్టం.

గొయ్యి పూడ్చేశారని దిగులు పడకండి. వెంటనే చేయాల్సిన పనులు ఉన్నాయి. పడిన చోటు పక్కన ఉన్న కరెంటు స్తంభం మీద నంబరు ఉంటుంది. ఆ నంబరు, పూడ్చిన మట్టి ఒకే ఫోటోలో పడాలి. పూడ్చిన చోట కొత్త మట్టికీ పాత డాంబరుకీ మధ్య గీత రోడ్డుకు అడ్డంగా ఇంకా కనిపిస్తూ ఉంటుంది. టేపు పెట్టి పొడవు, వెడల్పు కనిపించేలా తీయండి. మళ్లీ వానపడితే శిథిలాల మట్టి మళ్లీ కుంగుతుంది. అప్పుడు గొయ్యికి అడ్డంగా ఒక తిన్నని కర్ర పెట్టి, కర్ర అడుగు నుంచి లోతు కొలిచి తీయండి. రాత్రి తొమ్మిదిన్నరకే వెళ్లి చీకటిని కూడా తీయండి.

మీ తమ్ముడి స్నేహితుడు ఆ రాత్రి తీసిన వీడియో వాట్సాప్‌లో ఉందని రాశారు. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి చాలదు. తీసిన ఫోన్‌లోని అసలు ఫైలు చెరిగిపోకుండా ఉంచాలి. కోర్టులో పెట్టేటప్పుడు సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63 సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. ఆ ఫోన్ అమ్మవద్దని, ఫార్మాట్ కొట్టవద్దని ఆ అబ్బాయికి ఇప్పుడే చెప్పండి. మలుపులో ఉన్న మెడికల్ షాపు కెమెరాలో రికార్డింగ్ చెరిగిపోయి ఉండే అవకాశమే ఎక్కువ. అయినా ఒకసారి అడిగి చూడండి.

బండి ఇంకా మెకానిక్ దగ్గరే పడి ఉందన్నారు, మంచిదే. వంగిన ముందు రిమ్మునీ ఫోర్కునీ దగ్గరి నుంచి ఫోటో తీయకుండా రిపేరు చేయించవద్దు. మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టర్ బండిని చూసి ఇచ్చిన నివేదిక ఉంటే దాని ప్రతి అడగండి. బ్రేకులు సరిగానే ఉన్నాయని అందులో ఉంటే, బండి లోపం అనే వాదన అక్కడే ఆగిపోతుంది.

ఆస్పత్రి నుంచి ఎంఎల్‌సీ (పోలీసు కేసుల్లో గాయాల గురించి డాక్టరు రాసే రికార్డు) నకలు, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు, ప్రతి మందుల బిల్లూ ఒక ఫైల్లో పెట్టండి. సంపాదనకు రుజువులేదని మీరు బాధపడ్డారు. మీవారి ఫోన్‌లో ఏడాది యూపీఐ లావాదేవీల స్టేట్‌మెంట్, గ్యాస్, కంప్రెసర్లు కొన్న దుకాణాల బిల్లులు తీయండి. మెకానిక్‌కు అంతకంటే మంచి రుజువు దొరకదు.

ఇప్పుడు ఆర్టీఐ. పది రూపాయల ఫీజుతో కార్పొరేషన్ ఇంజినీరింగ్ విభాగానికి ఒకటి, నీళ్ల శాఖకు ఒకటి వేయండి. స్తంభం నంబరుతో వీధిని గుర్తించి ఇవి అడగండి: రోడ్ కటింగ్ అనుమతి ప్రతి, పునరుద్ధరణ చార్జీలు ఎవరు ఎప్పుడు కట్టారో. పైపులైను వర్క్ ఆర్డర్, అగ్రిమెంటు, అందులో లోపాల బాధ్యత కాలం (పనిలో లోపం వస్తే కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు) ఎంతో. ప్రమాదానికి ముందు ఆరు నెలల్లో ఆ వీధి గొయ్యి గురించి, వీధి దీపం గురించి వచ్చిన అన్ని ఫిర్యాదులు, వాటిమీద తీసుకున్న చర్య. పూడ్చడానికి, పునరుద్ధరణకు సంబంధించిన ఎం-బుక్ పేజీలు, బిల్లు చెల్లించిన తేదీ. ఈ చివరిది మరిచిపోవద్దు. చేసిన పనిని ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) కొలిచి రాసే పుస్తకం ఎం-బుక్. పొరలుగా పూడ్చి రోడ్డు వేశామని అందులో ఉండి, నేల మీద మట్టి మాత్రమే ఉంటే, మీ కేసులో అంతకంటే బలమైన కాగితం ఉండదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మాది కాదంటే ఐదు రోజుల్లో సంబంధిత కార్యాలయానికి వాళ్లే బదిలీ చేయాలి, మిమ్మల్ని తిప్పకూడదు. ఇరుగుపొరుగులో ఎవరైనా ప్రజావాణిలో ముందే అర్జీ పెట్టారేమో కనుక్కోండి. ఒక్క రసీదు దొరికినా మాకు తెలియదు అనే జవాబు కూలిపోతుంది.

ఇన్సూరెన్సులో చిక్కుముడి ఉంది, నెమ్మదిగా చదవండి. మీ బంధువు ఒకరు, తప్పు మీ ఆయనదే అని ఉండనివ్వండి, అప్పుడు తమ్ముడికి ఇన్సూరెన్సు వస్తుంది అన్నారని రాశారు. అందులో సగమే నిజం. మీది ఫుల్ ఇన్సూరెన్సు, అంటే ప్యాకేజీ పాలసీ కాబట్టి వెనక కూర్చున్నవారికి రక్షణ ఉంటుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే ఉండేది కాదు. మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద వెళితే నడిపినవారి నిర్లక్ష్యం చూపించాలి, అంటే బావను దోషిగా నిలబెట్టాలి. అప్పుడు మీవారి దావా బలహీనపడుతుంది. కానీ అదే చట్టంలో 164 సెక్షన్ ఉంది. దాని కింద ఎవరి నిర్లక్ష్యాన్నీ నిరూపించనక్కర్లేదు. తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు. ఎముక విరగడం చట్టప్రకారం తీవ్ర గాయమే. 164 కింద ఇచ్చింది తీసుకుంటే 166 కింద ఎక్కువ అడిగే దారి మూసుకుపోతుంది. మణికట్టు గాయానికి అది నష్టమని నాకు అనిపించడం లేదు, పైగా ఇంట్లో ఎవరూ ఎవరినీ దోషి అనక్కర్లేదు. తమ్ముడు హెల్మెట్ పెట్టుకోలేదని భయపడ్డారు. గాయం తలకు కాదు కదా, మణికట్టుకు హెల్మెట్‌తో సంబంధం లేదు. క్లెయిమ్ దరఖాస్తుకు ఆరు నెలల గడువు ఉందనుకునే పనిచేయండి.

మీవారికి మాత్రం ఆ పాలసీ పెద్దగా సాయపడదు. ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా 15 లక్షలున్నా అది మరణానికి, అవయవం లేదా చూపు పోయినందుకు, శాశ్వత పూర్తి వైకల్యానికి. విరిగి అతుక్కునే ఎముకకు రాదు. ఆయన పరిహారం రావాల్సింది రోడ్డు బాధ్యుల నుంచే.

అందుకే ఆ 50 వేల మాట. ఆస్పత్రి ఖర్చే 2,85,000. నెలకు 28 వేల చొప్పున ఆరు నెలల సంపాదన 1,68,000. ఇవి రెండే నాలుగున్నర లక్షలు దాటాయి. రాడ్ తీసే ఆపరేషన్, పనికి మళ్లీ అలవాటు పడే కాలం, నొప్పి ఇంకా లెక్కలోకి రాలేదు. మీ ఇంట్లో ఇప్పుడు అప్పు ఒత్తిడి ఉంది కాబట్టి తీసుకోవద్దని నేను తేలిగ్గా అనలేను. తీసుకుంటే బ్యాంకు ద్వారా తీసుకోండి. రసీదులో ‘వైద్య ఖర్చులకు సాయంగా, నా చట్టబద్ధ హక్కులకు భంగం లేకుండా’ అని రాయండి. ఆ మాటకు ఒప్పుకోకపోతే వాళ్లు కొంటున్నది మీ కేసునే. తెల్లకాగితం మీద సంతకం ఏ పరిస్థితిలోనూ వద్దు. నిజంగా రాజీ అయితే, మొత్తం పెంచి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసుకు ముందస్తు లోక్ అదాలత్ ద్వారా చేసుకోండి. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, ఇచ్చిన మాట తప్పితే వసూలు చేసుకోవచ్చు.

రాజీ కుదరకపోతే దారులు మూడు. మీ గొయ్యి నీటి సరఫరా పని వల్ల పడింది, నీటి సరఫరా ‘ప్రజోపయోగ సేవ’ల జాబితాలో ఉంది. కాబట్టి శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లే వీలుంది. కోర్టు ఫీజు లేదు, కోటి రూపాయల వరకు వివాదాలు వింటుంది, రాజీ కుదరకపోతే అదే తీర్పు చెబుతుంది. అయితే ఆ తీర్పు మీద అప్పీలు లేదు. ఒకసారి అక్కడికి వెళితే అదే వివాదంతో కోర్టుకు పోలేరు. రోడ్డు నిర్వహణ మా సేవల్లో లేదని కార్పొరేషన్ అభ్యంతరం చెప్పవచ్చు కూడా. నా దృష్టిలో మీకు మొదట తట్టాల్సిన తలుపు ఇదే.

రెండోది సివిల్ దావా. ఇందులో పూర్తి నష్టం అడగవచ్చు, ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చవచ్చు. ఇరవై ఏళ్లన్నది మిమ్మల్ని భయపెట్టే మాట, కానీ నెలల్లో తేలదు, ఏళ్లు పడుతుంది. మూడోది హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ సంస్థల మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్. గొయ్యి వల్లే పడ్డారన్న విషయం కాగితాల మీదే స్పష్టంగా ఉంటే త్వరగా వస్తుంది. ఎఫ్‌ఐఆర్‌లో అతివేగం అని ఉన్నంత వరకు, వాస్తవాలు తేలాలి, సివిల్ కోర్టుకు వెళ్లమనే అవకాశమే ఎక్కువ. 2025 అక్టోబరులో బాంబే హైకోర్టు గుంతలు, తెరిచి ఉన్న మ్యాన్‌హోళ్ల వల్ల చనిపోతే 6 లక్షలు, గాయాలకు 50 వేల నుంచి రెండున్నర లక్షల వరకు పరిహారం ఇవ్వాలని, ఆ సొమ్మును బాధ్యులైన అధికారులు, కాంట్రాక్టర్ల నుంచి రాబట్టాలని ఆదేశించింది. అది మహారాష్ట్రకు సంబంధించిన తీర్పు, మన హైకోర్టు దానికి కట్టుబడనక్కర్లేదు. కానీ మీ వకీలు ముందుపెట్టి వాదించవచ్చు.

దారి ఏదైనా నోటీసు ఈ నెలలోనే వెళ్లాలి. ప్రభుత్వ శాఖ మీద దావాకు రెండు నెలల ముందస్తు నోటీసు ఉండాలి, కార్పొరేషన్లకు వాటి చట్టంలో వేరే నోటీసు, తక్కువ గడువు ఉంటాయి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దావా దాఖలయ్యేలా చూసుకుంటే గడువు గురించి అభ్యంతరం రాదు. కార్పొరేషన్ కమిషనర్, నీళ్ల శాఖ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్), జిల్లా కలెక్టర్, కాంట్రాక్టర్ నలుగురికీ పంపించండి. తేదీ, సమయం, స్తంభం నంబరు, గాయాలు, అడిగే మొత్తం, రికార్డులు చెరిపేయవద్దన్న మాట అందులో ఉండాలి. వకీలు ఫీజు భారమైతే న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత వకీలును అడగండి. మీ పేరున ఏదైనా వేస్తే మహిళగా ఆదాయంతో పని లేకుండా అర్హత ఉంటుంది. దావా మీవారి పేరున కాబట్టి ఆయన ఆదాయం లేదా వైకల్యం ప్రాతిపదికన చూస్తారు.

అత్తయ్యగారికి ఒక మాట చెప్పండి. 2013 నుంచి 2017 వరకు దేశంలో గుంతల వల్ల 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి 2018లో సుప్రీంకోర్టే ఆందోళన చెందింది, రోడ్లను సరిగా ఉంచకపోవడం వల్లేనని అంది. అది ఇన్ని వేల ఇళ్ల రాత కాదు. మీవారు సిగ్గుపడాల్సింది కూడా ఏమీ లేదు. హెల్మెట్ పెట్టుకున్నారు, లైసెన్సు ఉంది, కనిపించని గొయ్యిలో పడ్డారు.

ఇక మీ మరిది. ఆ సంతకం గురించి ఇంట్లో గొడవలు అవుతున్నాయని రాశారు. అన్నయ్య ఆపరేషన్ థియేటర్‌లో ఉండగా, అర్ధరాత్రి, చదవకుండా పెట్టిన సంతకం అది. ఆయనను దూరం చేసుకోకండి, ఆయన సాక్ష్యం మీకు కావాలి. తాను ప్రమాదం చూడలేదని, అక్కడ లేనని, రాసిన మాటలు తనవి కావని ఆయన ఎస్‌ఐకి రాసిస్తే ‘అతివేగం’ అన్న మాటకు ఉన్న ఒకే ఒక్క ఆధారం బలహీనపడుతుంది. తమ్ముడి వాంగ్మూలంతో పాటు అదే రోజు ఆ కాగితం కూడా ఇప్పించండి.